తడిసిన యంత్రమునకు చికిత్స



ముప్పదియేండ్లకు పైబడి బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొన్న పండితుడొకడు ల్యాప్‌టాప్ మరమ్మతును గూర్చి మాటలాడుట మీకు వింతగా తోపవచ్చును. నాకును వింతగానే యున్నది. భాషాప్రవీణ పరీక్షకు చదువునాడు విద్యుత్తను శబ్దమునకు వ్యుత్పత్తి చెప్ప నేర్చితినే గాని, ఆ విద్యుత్తు తీగలో నెట్లు నడచునో నేర్వలేదు. అట్టి నన్ను గడచిన యాశ్వయుజమాసమున జరిగిన యొక చిన్న యుపద్రవము ప్రొద్దుటూరిలో నొక మరమ్మతు బల్లయొద్ద రెండు దినములు శిష్యునివలె కూర్చుండబెట్టినది. అచ్చట చూచినదియు, నేర్చినదియు, సిగ్గుపడినదియు మీకు విన్నవించుటకే యీ ప్రసంగము.

ఇది మాకెందులకని పెద్దలు కొంద రనుకొనవచ్చును. ల్యాప్‌టాప్ నేడు పట్టణపు వస్తువు కాదు. పులివెందులలో 2006లో ఇంజనీరింగు కళాశాల వచ్చినది. 2008లో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ నెలకొన్నప్పుడు మన పల్లెల బిడ్డలు మొదటిసారిగా ల్యాప్‌టాప్ చేతబట్టి సెలవులకు ఇండ్లకు వచ్చిరి. ఇప్పుడు ముద్దనూరు దారిలోని చిన్న పల్లెయందును అరుగుమీద కూర్చుండి దానిని తెఱచుకొన్న పిల్లలు కనబడుదురు. అది యున్న యింట మజ్జిగ చెంబును ఉన్నది, కారు మిద్దెయును ఉన్నది. కాబట్టి నా కథ రేపు మీ యింటి కథ కావచ్చును.

మొదట నా యంత్రములో నేమున్నదో చెప్పవలెను. ఉద్యోగము విరమించిన నాటినుండి తొమ్మిదేండ్లుగా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతముల పల్లెలు తిరిగి, వయసు మీరినవారి నోటి మాటలు పోగుచేయుచున్నాను. కపిలబావులు మూతబడినవి, వానితో పాటు తోలుబానకును, తొండమునకును, మోకులకును మన పూర్వులు పెట్టుకొన్న పేర్లును మూతబడుచున్నవి. ట్రాక్టరు వచ్చిన పిమ్మట గొఱ్ఱుమీది జడ్డిగమును పేరు పెట్టి పిలుచువారు తగ్గిరి. అట్టి మాటలు మూడువేలకు పైగా కూడినవి. కొన్నింటిని వారి గొంతులతోనే పట్టి యుంచితిని. ఆ గొంతులలో పదునొకటి ఇప్పుడు లోకమున లేవు. మొదటి యైదేండ్ల పని నోటుపుస్తకములలో నున్నది. కడపటి నాలుగేండ్లది మాత్రము ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప మఱెక్కడను లేదు. తప్పు నాదే.

మా యిల్లు జమ్మలమడుగునకు దాపున నొక పల్లెలో నున్నది. ముందరి వసారా మా తండ్రిగారు కట్టించిన మట్టిమిద్దె. దూలములమీద నాపరాళ్ళు, వానిమీద మన్ను, పైన చౌడు. ఏటేట చౌడు వేయించినచో అట్టి మిద్దెకు సాటిలేదు. రెండేండ్లుగా నేను వేయింపలేదు. ఒకనాటి రాత్రి కురిసిన జడివానకు బల్లమీద మూసియుంచిన ల్యాప్‌టాప్‌పై ధారగా నీరు కారినది. తెల్లవారి చూచునప్పటికి మూత సందునుండి లోపలికి దిగినది. క్రిందుగా బల్లమీద నీరు నిలిచి యున్నది.

అప్పుడు నేను చేసిన పనులను వరుసగా చెప్పెదను. ఏవి చేయగూడదో తెలిసికొనుటకు ఇంతకన్న మంచి పట్టిక దొరకదు. తువాలుతో పైపైన తుడిచితిని. బ్రతికియున్నదా యని బొత్తాము నొక్కితిని. దీపమొకసారి వెలిగి యారిపోయినది. బ్యాటరీ అయిపోయినదేమో యని ఛార్జరు తగిలించితిని. కాలిన చింతపిక్క వంటి వాసన సన్నగా వచ్చినది. ఊడబెరికితిని. పొరుగువారు బియ్యములో పెట్టుమనిరి. మూడు దినములు బియ్యపు డబ్బాలో నుంచితిని. నాలుగవనాడు తీసి, ఆరినదిగదా యని మరల ఛార్జరు పెట్టితిని. ఏమియు కాలేదు. దీపము వెలుగలేదు, వాసనయు రాలేదు.

దగ్గరి పట్టణములో నొక యంగడికి తీసికొనిపోగా, అతడు విప్పి చూచి, మదర్‌బోర్డు పోయినది, క్రొత్తది వేయవలెను, పదునాలుగువేలగు ననెను. వేసినచో నా వ్రాతలు వచ్చునా యని యడిగితిని. రావనెను. ఖరీదు యంత్రములలో నిలువచేయు డిస్కు పలుమారు వేరుగా నుండునట. ఫలకము చెడినను డిస్కును తీసి మఱియొక యంత్రమునకు తగిలించి చదువుకొనవచ్చును. నాది చౌకరకము. అందులో నిలువచిప్పు ఫలకమునకే అతుకబడియున్నది. ఫలకము మార్చుటయన నాలుగేండ్ల పనిని పారవేయుటయే. కావున నాకు కావలసినది క్రొత్త ఫలకము కాదు, పాత ఫలకము బ్రతుకుట. ఆ పూట ఏదో సాకు చెప్పి సంచిలో పెట్టుకొని యింటికి వచ్చితిని. భోజనము సహింపలేదు.

నా కూతురి కొడుకు పులివెందులలో ఇంజనీరింగు చదువుచున్నాడు. ఫోనులో సంగతి విని, "తాతా, ఇంక దానిని ముట్టవద్దు, ఛార్జరు అసలే పెట్టవద్దు" అనెను. ప్రొద్దుటూరిలో ఫలకమును విడిభాగముల వఱకు పరిశీలించి బాగుచేయువాడొకడున్నాడని చెప్పి, మఱునాడు తానే వచ్చి నన్ను తీసికొనిపోయెను. ఆ మరమ్మతుకారునకు ముప్పదేండ్లుండవు. తండ్రి బంగారుపని చేయువాడు. అంగడి వెనుకభాగమున తండ్రి బట్టీ, ముందుభాగమున కొడుకు బల్ల. రెంటి నడుమ నొక తెర మాత్రమే.

అతడు పని ప్రారంభించుటకు ముందు నీరు యంత్రమునకేమి చేయునో చెప్పెను. నేను దానిని నా మాటలలో చెప్పెదను.

ల్యాప్‌టాప్ లోపల నుండు ఫలకము గాజునార గుడ్డను బంకతో గట్టిపఱచిన పలక. దానిమీదను, దాని పొరల లోపలను తీగలకు బదులు పలుచని రాగి గీతలుండును. ఈ ఫలకమునకు మన రేడియోతో చుట్టరికము కలదు. పాల్ ఐస్లరు అను ఆస్ట్రియా దేశీయుడు 1936 ప్రాంతమున లండనులో ఇట్టి రాగిగీతల ఫలకమును మొదట చేసినది రేడియోపెట్టె కొఱకే. ఆ గీతల వెంట నువ్వుగింజలకన్న చిన్నవైన భాగములు వందలకొలది యతుకబడి యుండును. గీతకును గీతకును నడుమ వెడల్పు పలుచోట్ల వెండ్రుక మందమునకు మించదు.

స్వచ్ఛమైన నీరు విద్యుత్తును దాదాపు పోనీయదు. ఉప్పు కలిసిన నీరు పోనిచ్చును. 1800లో ఇటలీ దేశీయుడైన వోల్టా వెండిబిళ్ళలు, జింకుబిళ్ళలు ఒకదానిమీద నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన పొరలుంచి, మొట్టమొదటి బ్యాటరీని చేసెను. నీటిలోని లవణమునకు అంత బలమున్నది. మన బోరునీటిలో లవణములు మెండు. మజ్జిగలో, టీలో ఇంకను ఎక్కువ. నా యింట కారినది వాననీరే యైనను, చౌడుమిద్దెలో నానిన నీరు. చౌడనగా ఉప్పునేల మన్నే గదా. మిద్దెను కాపాడిన మన్నే ఆ నీటిని యంత్రమునకు విషముగా చేసినది.

ఈ విషమెట్లు పనిచేయునో తెర వెనుకనున్న తండ్రి తొట్టిని చూపి కొడుకు చెప్పెను. నగకు వెండిపూత వేయునప్పుడు లవణములు కలిపిన తొట్టిలో ఒక ప్రక్క వెండిరేకును, ఒక ప్రక్క నగను వ్రేలాడదీసి విద్యుత్తు నిత్తురు. రేకు కొంచెముకొంచెముగా కరగును, నగమీద పేరుకొనును. తడిసిన ఫలకములో జరుగునది అదియే. విద్యుత్తున్నంతసేపు ఒక గీతలోని రాగి కరగి, ప్రక్క గీత వైపు నాచువలె పెరుగుచు పోవును. కరగిన గీత తెగును, లేదా నాచు రెండు గీతలను కలిపివేయును. తెగినచో దారి లేదు, కలిసినచో షార్టు. మీకు చూడనగు ఆకుపచ్చని చిలుము ఈ తొట్టిపని మిగిల్చిన మడ్డియే.

ఇక్కడనే ముఖ్యమైన సంగతి యున్నది. తొట్టిలో విద్యుత్తు లేనిచో ఆ పూత నడవదు. విద్యుత్తులేని ఫలకము తడిసినను చిలుము పట్టుట కాలము పట్టు పని. విద్యుత్తున్న ఫలకమున నిమిషములలో చెడుపు జరుగును. నీరొక్కటియే చంపదు. నీటిమీద మనమిచ్చు కరెంటు చంపును. బ్రతికియున్నదా యని నేను నొక్కిన నొక్కు, నాడి చూచుట కాదు, గొంతు నొక్కుట. మూసియుంచినను బ్యాటరీ యున్నంతవఱకు ఫలకములో కొన్ని గీతలు మెలకువతోనే యుండునట. అందువలన మరమ్మతుకారుడు విప్పినవెంటనే చేసిన మొదటి పని బ్యాటరీ కొక్కెమును ఊడదీయుట.

వైద్యశాస్త్రమున రోగిని పరీక్షించుటకు దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మూడు మార్గములు చెప్పిరి. ఆ యువకుడు ఆ శాస్త్రమెన్నడును చదువలేదు. కాని సరిగా ఆ మూడే చేసెను, ప్రశ్నముతో మొదలుపెట్టెను.

"అయ్యవారూ, ఏ నీళ్ళు పడినవి?" మిద్దె నీరంటిని. "ఎంతసేపు?" రాత్రియంతయు నంటిని. "తడిసినాక కరెంటు ఇచ్చినారా? ఛార్జరు పెట్టినారా?"

నా మనుమడు ప్రక్కన నిలుచున్నాడు. వాడు ముట్టవద్దని చెప్పకమునుపే నేను చేసిన పని యది. అయినను తెలివిలేనివాడనని ఆ పిల్లలిద్దరి యెదుట ఒప్పుకొనుటకు నోరు రాలేదు. "లేదు నాయనా, పెట్టలేదు" అంటిని.

అతడు నమ్మెను. పెద్దవాడు, అయ్యవారు చెప్పినమాట గదా. ఛార్జరు వైపు భాగమునకు కరెంటు పోలేదు కావున అచ్చట చెడుపుండదని తలచి, బ్యాటరీ దారిని, బొత్తాము దారిని వెదకెను. సూక్ష్మదర్శిని క్రింద ఫలకమును పెట్టి కీబోర్డు కొక్కెము చుట్టును చూచెను. చిలుము కనబడినది. తొంబదితొమ్మిది పాళ్ళు శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాలును మెత్తని కుంచెతో అద్ది కడిగెను. ఆల్కహాలెందుకని యడిగితిని. నీటిని తనలో కలుపుకొని తానును త్వరగా ఆరిపోవును, వెనుక లవణమును మిగుల్పదు అనెను. బియ్యము మాటయు అప్పుడే చెప్పెను. బియ్యము లోపలి నీటిని లాగికొనదు; గాలిలో నుంచినను అంతే ఆరును; ఆరినది నీరే గాని ఉప్పు ఫలకముమీదనే యుండును; పైపెచ్చు తవుడు దుమ్ము లోపలికి పోవును. మూడు దినములు నేను యంత్రమును ఎండబెట్టలేదు, ఉప్పుపొర కట్టనిచ్చితిని.

ఇట్లు గంటన్నర గడచినది. ఆ దారిలో దోషము దొరకలేదు. అప్పుడతడు ఫలకమును త్రిప్పి ఛార్జరు వైపును సూక్ష్మదర్శిని క్రిందికి తెచ్చెను. చూచి, తల యెత్తి, కోపమేమియు లేక, "అయ్యవారూ, ఛార్జరు పెట్టినారు గదా?" అనెను.

నన్నును చూడుమని సూక్ష్మదర్శిని నా వైపునకు త్రిప్పెను. ఆవగింజంత నల్లని మచ్చ యొకటి, దాని చుట్టును ఉడికిన బంక. కరెంటు పోనిదే అట్టి కాలుడు రాదు. "పెట్టినాను నాయనా. రెండుసార్లు" అంటిని. "ముందే చెప్పియుంటే ఇక్కడినుంచే మొదలుపెట్టేవాడిని" అని మరల పనిలో మునిగెను. అంతకు మించి యొక్క మాటయు అనలేదు.

ముప్పదియేండ్లు బడిలో అబద్ధమాడిన పిల్లలను బెంచీమీద నిలువబెట్టినవాడను. ఆ పిల్లలెందుకు అబద్ధమాడిరో ఆ స్టూలుమీద కూర్చుండి నాకు మొదటిసారి తెలిసినది. దుర్మార్గముచేత కాదు, సిగ్గుచేత. నేను దాచినది ఆ యువకునినుండి కాదు, నా రోగికి పట్టిన జబ్బునుండి వైద్యునే దాచితిని.

తరువాత జరిగిన పని మిక్కిలి చక్కనిది. దర్శనమైనది, ప్రశ్నము ఆలస్యముగానైనను సరియైనది. ఇక స్పర్శనము. మల్టీమీటరను కొలతపెట్టెయొక్క ఒక ముల్లును ఛార్జరు కరెంటు నడచు ముఖ్యమైన దారిమీదను, ఇంకొక ముల్లును నేలదారిమీదను పెట్టెను. అచ్చట అడ్డు ఎక్కువగా నుండవలెను. పెట్టె ఒక ఓములో మూడవవంతుకూడ చూపలేదు. అనగా కరెంటు యంత్రమునకు పోక నేరుగా నేలపాలగుచున్నది. కాలువ తెగి వంకలో కలిసినట్లు.

కాని ఆ దారిమీద నిటువంటి చిన్న కెపాసిటర్లు ఏబదికి పైగా నున్నవి. అన్నియు నొకే కాలువకు పెట్టిన తూములు. ఏ తూము పగిలినను కాలువంతయు పగిలినట్లే కొలతపెట్టెకు కనబడును. కాలిన మచ్చయొద్దనున్న దానిని తీసివేసెను. అయినను షార్టు పోలేదు. ఇంకొకటి యెక్కడనో యున్నది. ఒక్కొక్కటే తీసి చూచినచో ఫలకము చెడును. అప్పుడతడు చేసిన యుపాయము వినుడు.

ఛార్జరు ఇచ్చునది సుమారు పందొమ్మిది వోల్టులు. అతడు దానిని గాక, కట్టడిగల వేఱొక యంత్రమునుండి ఒక్క వోల్టు మాత్రము ఆ దారిలోనికి పంపెను. ఒక్క వోల్టు మంచి భాగములకు హాని చేయదు. ఎక్కడ షార్టున్నదో అచ్చటికే కరెంటంతయు పరుగెత్తి, ఆ భాగమును వేడెక్కించును. పంపుటకు ముందు ఆ ప్రదేశమునంతయు ఆల్కహాలుతో తడిపెను. తడి మెఱయుచున్నది. మేము ముగ్గురము ఊపిరి బిగబట్టి చూచితిమి. తక్కినచోట్ల తడి యుండగనే, ఒక మూలన గసగసాలంత చోటు ముందుగా ఆరిపోయినది. అదే దొంగ. పొగను చూచి నిప్పును ఊహించుట న్యాయశాస్త్రమున మేము వల్లించిన పాఠము. ఆరిన చోటును చూచి షార్టును ఊహించుట ఆ పాఠమే.

ఆ గింజను తీసివేయుటకు వేడిగాలి గొట్టమును వాడెను. పూర్వపు టంకము తగరమును సీసమును కలిపినది. తగరము అఱువదిమూడు, సీసము ముప్పదియేడు పాళ్ళైనచో 183 డిగ్రీలకు కరగును. సీసము విషమగుటచేత ఐరోపా దేశములు 2006 జూలైనుండి దానిని కట్టడిచేసినవి. ఇప్పటి యంత్రములలో ఎక్కువగా సీసములేని టంకముండును. అది కరగుటకు 217 డిగ్రీలు దాటవలెను. అందువలన తీయువానికి చేయి నిదానముగా నుండవలెను. వేడి తక్కువైన రాదు, ఎక్కువైన ఫలకము పొరలు విడిపోవును. అతికించునప్పుడు ఫ్లక్సు అను జిడ్డును పూసెను. తెర ప్రక్కకు జరిపి చూచుచున్న తండ్రి, "మా వెలిగారము చేసే పనే అది" అనెను. నిజమే. లోహముమీది మురికిని తొలగించి టంకమును పాఱించుటయే రెంటికిని పని.

ఆ రెండు కెపాసిటర్లు మార్చునప్పటికి మొదటిదినము ముగిసెను. రెండవదినమున కీబోర్డు కొక్కెము క్రింద చిలుము తిన్న రాగిగీతకు, వెండ్రుకకన్న సన్నని పూతతీగతో వంతెన కట్టెను. బొత్తాము నొక్కగా పంకా తిరిగినది, తెర మాత్రము నల్లగానే యున్నది. నేను లేచి నిలువబడితిని. అతడు తొందరపడలేదు. తెరకు పోవు కొక్కెమును మరల విప్పి, ముండ్ల నడుమ మిగిలిన తెల్లని ఉప్పును కడిగి, ఆరబెట్టి, తగిలించెను. తెరమీద వెలుగు వచ్చినది.

ఏమియు చూడకమునుపే నా మనుమడు పెన్‌డ్రైవు పెట్టి నాలుగేండ్ల పనిని దానిలోనికి ఎత్తుకొనెను. అటుపిమ్మట సరిగా వచ్చినదో లేదో చూతమని ఒక గొంతును వినిపించెను. ముద్దనూరు వైపు పల్లెలో ఒక ముసలమ్మ కపిలబావి భాగములు ఒక్కొక్కటి చెప్పుచున్నది, నడుమ దగ్గుచున్నది, నన్ను మజ్జిగ త్రాగుమనుచున్నది. ఆమె పోయి రెండేండ్లైనది. తండ్రి బట్టీయొద్ద ఊదుగొట్టము క్రింద పెట్టెను. "మా అవ్వ కూడా బానను ఇట్లే అనేది" అని యతడు అనెను. కొంచెముసేపు ఎవ్వరమును మాటలాడలేదు.

మరమ్మతుకు రెండువేల ఐదువందలు తీసికొనెను. ఇచ్చుచు నొక మాట చెప్పెను: తడిసిన ఫలకము పూర్తిగా నమ్మదగినది కాదు, పొరల లోపల చిలుము మిగిలియుండి ఎప్పుడైన మరల తలయెత్తవచ్చును, దీనిమీదనే ఆధారపడవద్దు అని. బాగుచేసి అమ్ముకొనువాడు తన పనిలోని కొఱతను తానే చెప్పుట నాకు గొప్పగా తోచినది. నేను అతని యెదుట ఆడిన మాట మరల జ్ఞప్తికి వచ్చినది.

ఇప్పుడు పెద్దలకు నేను మనవి చేయునది ఇది. ల్యాప్‌టాప్ గాని, సెల్‌ఫోను గాని తడిసినచో మొదట గోడమీది స్విచ్చు ఆపి, పిమ్మట ఛార్జరు తీయుడు, తడిచేతితో ముట్టకుడు. యంత్రము నడచుచున్నచో బొత్తామును చాలసేపు నొక్కిపట్టి ఆర్పుడు. ఆరిపోయి యున్నచో మరల నొక్కకుడు. బ్యాటరీ ఊడివచ్చునదైన తీయుడు. ల్యాప్‌టాప్‌ను కొంచెము తెఱచి, పుస్తకమును బోరగిల వేసినట్లు గుడ్డమీద నిలుపుడు. కుదుపకుడు, ఎండలోగాని పొయ్యియొద్దగాని పెట్టకుడు, బియ్యములో పాతకుడు. వీలైనంత త్వరగా తెలిసినవానియొద్దకు చేర్చుడు; ఆరుటకన్న కడుగుట ముఖ్యము. బ్యాటరీ ఉబ్బియున్నచో గ్రుచ్చకుడు, నొక్కకుడు, ఇంటిలో నుంచకుడు, అది మండగలదు. ఆల్కహాలుకూడ మండునదే, ఇంటిలో దీపముల నడుమ ఆ పనికి పూనుకొనకుడు. ఇక బాగుకాదని తేలిన యంత్రమును చెత్తకుప్పలో వేయకుడు. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము అట్టివానిని వేరుగా సేకరించి శుద్ధిచేయవలెను.

రెండవ మనవి. విలువగల వ్రాతను ఒక్కచోట నుంచకుడు. 1820ల యందు కడపలో సి.పి. బ్రౌను దొర తన జీతమునుండి పండితులను పోషించి తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. ఒక యింటి ప్రతిని చెదలు తిన్నను మఱియొక యింటి ప్రతి నిలిచినందుననే మన పద్యములెన్నో మనకు దక్కినవి. ఈ నీతి చదివిన నేనే పాటింపలేదు. ఇప్పుడు నా మాటలు మూడుచోట్ల నున్నవి. ఒకటి నాయొద్ద, ఒకటి పులివెందులలో మనుమని యొద్ద, ఒకటి ప్రొద్దుటూరిలో కూతురి యింట. మిద్దెమీద క్రొత్త చౌడును వేయించితిని.

కడపటి మనవి అన్నింటికన్న పెద్దది. మీ యింట పిల్లవాడు యంత్రముమీద నీరొలికించినచో తిట్టకుడు. ఖరీదైన వస్తువు, కోపము వచ్చుట సహజమే. కాని మీ కోపమునకు వెఱచిన పిల్లవాడు ఏమి చేయును? ఎవ్వరికిని చెప్పడు. తువాలుతో తుడిచి, తలుపు వేసికొని, బ్రతికియున్నదా యని బొత్తాము నొక్కి చూచును. ఛార్జరు పెట్టి చూచును. సరిగా నేను చేసినదే చేయును. తరువాత అడిగినవారితో నేనన్నదే అనును. అఱువదియేడేండ్ల యయ్యవారే సిగ్గుపడి యబద్ధమాడినప్పుడు పదునాఱేండ్ల పిల్లవాని మాట యేమి? అందువలన ముందు "ఏమైనది నాయనా, కరెంటు ఇచ్చినావా?" అని మెల్లగా అడుగుడు. నిజము చెప్పినచో మంచిదే చేసితివనుడు. అటుపిమ్మట కోపమునకు కావలసినంత తీరిక యుండును; అప్పటికి బహుశః అది చల్లారియు నుండును.

ఆ మరమ్మతుకారుడు నన్నట్లే అడిగెను. నేను దాచినను నన్ను నొప్పింపక మరల అడిగెను. ఆ రెండవసారి యడుగుటవలననే నా రోగి బ్రతికినది, పదునొకండుగురి గొంతులు దక్కినవి.

మీ యిండ్లలోని ముసలివారి మాటలను మీరును వ్రాసియుంచుకొనుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను. నమస్కారము.